లో-డిఫ్లెక్షన్ షాఫ్ట్: ఆరు నెలలు ఆడాక చెబుతున్నా

డాలస్‌లో వారానికి మూడు రాత్రులు పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) ఆడతాను. నా క్యూ కర్రకి ముందు సగం, అంటే పాత మేపుల్ షాఫ్ట్ తీసేసి, ప్రెడేటర్ 314 అనే లో-డిఫ్లెక్షన్ షాఫ్ట్ బిగించి ఆరు నెలలైంది. ఆట మెరుగుపడిందా అంటే పడింది, కానీ వెంటనే కాదు.

తెల్లబంతిని మధ్యలో కాకుండా కుడిపక్క కొడితే అది గురిపెట్టిన గీత మీద పోకుండా కాస్త ఎడమకి జరుగుతుంది, అదే డిఫ్లెక్షన్. దానికి అసలు కారణం టిప్ (బంతికి తగిలే కొన) దగ్గర చివరి కొన్ని అంగుళాల బరువు, అందుకే ఈ షాఫ్ట్ ముందుభాగాన్ని లోపల బోలుగా చేస్తారు.

మొదటి రెండు వారాలు నరకం. ఇన్నేళ్లూ చెయ్యి తనంతట తానే గురిని పక్కకి సవరించుకునేది కదా, ఆ అలవాటు పోలేదు. టేబుల్ అంచుకి ఆనుకుని ఉన్న తొమ్మిదో బంతిని ఎడమ స్పిన్‌తో కొట్టిన ప్రతిసారీ అది పాకెట్ అంచుకి తగిలి, ఊగిసలాడి, అక్కడే ఆగిపోయేది. మూడో వారంలో రోజూ గంటసేపు అదే షాట్ కొట్టాను, అప్పుడు కుదిరింది. ఇప్పుడు దూరం నుంచి స్పిన్‌తో గట్టిగా కొట్టాలన్నా టెన్షన్ లేదు.

స్పిన్ మాత్రం అదనంగా ఏమీ రాదు, మధ్యలో కొట్టే షాట్లకి తేడానే ఉండదు. స్ట్రోక్ ఇంకా నిలకడగా లేనివాళ్లు ఆ డబ్బు మంచి కోచ్‌కి ఇవ్వండి. కొనేవాళ్లు ముందు మీ క్యూలో షాఫ్ట్‌ని బిగించే జాయింట్ మర ఏ రకమో చూసుకోండి, అన్నీ అన్నిటికీ పట్టవు.