పాత బండి సెల్ఫ్ మోటర్: రిపేరా, కొత్తదా? ఏది మేలు?

పాత మారుతి 800, సుమో, బొలెరో నడిపేవాళ్లు తరచూ అడిగేది ఇదే: సెల్ఫ్ మొండికేస్తోంది, బాగుచేయించాలా, కొత్తది వేయించేయాలా? బ్యాటరీ, టెర్మినళ్లు, ఎర్త్ కేబుల్ బాగున్నాయని తేల్చుకున్నవాళ్లకే ఈ మాటలు.

ఆర్మేచర్ (మోటర్ లోపల తిరిగే భాగం) బాగుంటే నేను రిపేరు వైపే. సెల్ఫ్‌లో మామూలుగా అరిగేవి కార్బన్లు (ఆర్మేచర్‌కు ఆని కరెంటు అందించే ముక్కలు), బుష్‌లు (షాఫ్ట్‌ను మోసే రింగులు), సోలినాయిడ్ (మోటర్‌కు కరెంటు కలిపే స్విచ్) లోపలి రాగి కాంటాక్టులు. మోటర్ మీద స్పానర్‌తో మెల్లగా తట్టినప్పుడు బండి స్టార్టవుతోందంటే చాలావరకు కార్బన్లు అయిపోయినట్టే. మోటర్ గిర్రున తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ (మోటర్ తిరుగుడును ఇంజిన్‌కు అందించే క్లచ్) జారుతోంది. ఇవన్నీ చాలా పాత బండ్లకు విడిగా దొరుకుతాయి. వీటికోసం మోటరంతా మార్చడం డబ్బు దండగ.

ఇదంతా ఆర్మేచర్ బాగుంటేనే. అందుకే విప్పేటప్పుడు దగ్గరుండి, ఆర్మేచర్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. బుష్‌లు బాగా అరిగితే షాఫ్ట్ ఊగి, ఆర్మేచర్ చుట్టూ ఉండే ఇనుప దిమ్మెలకు (పోల్ షూలకు) రాసుకుంటుంది. అప్పుడు దాని ఇనుము మీద మెరిసే గీతలు పడతాయి. పైపైన ఉంటే కొత్త బుష్‌లతో సరిపోతుంది. కమ్యుటేటర్ (ఆర్మేచర్ చివర కార్బన్లు ఆనే రాగి పట్టీల భాగం) మీద గాడి పడితే లేత్ మీద పల్చగా కోయించవచ్చు. మారుతి 800 లాంటి జపాన్ డిజైను మోటర్లలో ఆ తర్వాత రాగి పట్టీల మధ్య ఉండే మైకాను (కరెంటు దాటనివ్వని పొరను) కాస్త లోతుగా గీయాలి. గీయకపోతే రాగి అరిగేకొద్దీ మైకా పైకి తేలి, కార్బన్ సరిగా ఆనక నిప్పురవ్వలు వస్తాయి. అన్ని కంపెనీల మోటర్లకూ ఈ పని ఉండదు, మాన్యువల్ చెప్పినట్టే చేయించండి.

కమ్యుటేటర్ పట్టీలు లేచినా, ఆర్మేచర్‌కు చుట్టిన తీగ (వైండింగ్) కాలి కమురు వాసన కొట్టినా నా మాట మారుతుంది. "కొత్తగా వైండింగ్ కట్టిస్తాం" అంటారు మెకానిక్‌లు. చేయి తిరిగినవాళ్లు కడితే బాగానే ఉంటుంది గానీ, ఇంజిన్ తిప్పేటప్పుడు వందకు పైగా ఆంపియర్లు లాగే వస్తువది. డీజిల్ బండిలో ఇంకా ఎక్కువ. అంత భారం మోసే పని ఎవరి చేతిలో పెడుతున్నామో తెలియకుండా నేనైతే కట్టించను.

కొత్తదైతే లూకాస్ టీవీఎస్ లాంటి పేరున్న కంపెనీది, బిల్లు, వారంటీ ఉన్నది కొనండి. అదే కంపెనీ డబ్బాలో డూప్లికేట్లూ వస్తాయి. అలాంటిదానికన్నా కార్బన్లు, బుష్‌లు మార్చిన మీ పాత ఒరిజినలే నయం. బిగించే ముందు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పినియన్ (సెల్ఫ్ ముందుండే చిన్న పళ్ల చక్రం) పళ్లు రెండింటికీ సమానమో కాదో లెక్కపెట్టండి. బండే జీవనాధారమైన ట్యాక్సీవాళ్లకు మాత్రం ఒక పూట ఆగినా నష్టమే, వాళ్లు నేరుగా కొత్తది వేయించుకున్నా తప్పులేదు.

పాత ఇనుము కొట్లో దొరికే సెకండ్ హ్యాండ్ సెల్ఫ్ అత్యవసరానికే.

ఒక్కోసారి "గర్ర్" మని అరిచి పట్టుకోక, గేర్లో వేసి బండిని కాస్త ముందుకు నెట్టాక స్టార్టవుతోందంటే ఫ్లైవీల్ రింగ్ (పినియన్ పట్టుకుని తిప్పే ఇంజిన్ వైపు పెద్ద పళ్ల చక్రం) పళ్లు అరిగి ఉండొచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగేది ఎక్కువగా రెండు చోట్లే కాబట్టి పళ్లు అక్కడే అరుగుతాయి. అప్పుడు కొత్త సెల్ఫ్ వేసినా లాభం లేదు. గేర్‌బాక్స్ దించాల్సిందే, ఆ ఖర్చు లెక్కే వేరు.