సీగ్రూప్‌లో కెర్నల్ మెమరీని వెనక్కి రప్పించడం: ఏడాది వాడాక నా రివ్యూ

సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. లైనక్స్‌లో కొన్ని ప్రోగ్రాంలను ఒక గుంపుగా కట్టి వాటి వాడకానికి హద్దు పెట్టే ఏర్పాటు సీగ్రూప్. దాని రెండో వెర్షన్‌లో మెమరీ సంగతి చూసుకునే మెమరీ కంట్రోలర్‌ని ఏడాదికి పైగా రోజూ వాడుతున్నాను. ఐదుకు మూడున్నర మార్కులు వేస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి కెర్నల్ మెమరీ మూలంగానే పోయింది, అంటే లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ తన పనికి వాడుకునే మెమరీ. అందుకే ఈ రివ్యూ చాలావరకు దాని గురించే.

నన్ను ఇందులోకి దింపింది ఒక బ్యాకప్ జాబ్. అది నడిచే కంటెయినర్‌కు (సొంత సీగ్రూప్ ఉన్న విడి పెట్టె లాంటిది) మెమరీ.మ్యాక్స్, అంటే దాటకూడని పరిమితి, 4 జీబీ పెట్టాను. ప్రోగ్రాం సొంతంగా తినేది 300 ఎంబీ దాటదు. అయినా రాత్రి రెండు గంటలకు వాడకం 3.9 జీబీ అని అలర్ట్ వచ్చింది. మెమరీ లీక్ అవుతోందనుకుని మర్నాడు ఆ ప్రోగ్రాం రాసినవాళ్లను గంటసేపు కూర్చోబెట్టాను, పాపం. తర్వాత తీరిగ్గా, మెమరీ ఎటు పోయిందో వరుసలుగా చూపే మెమరీ.స్టాట్ ఫైలు తెరిచి చూస్తే, స్లాబ్_రిక్లెయిమబుల్ ఒక్కటే 2.6 జీబీ ఉంది. స్లాబ్ అంటే కెర్నల్ తన చిన్న చిన్న వస్తువులు పెట్టుకునే మెమరీ, అందులో కావాలంటే పారేయదగ్గ భాగం ఇది.

జరిగింది ఇదీ. బ్యాకప్ ప్రతి ఫైలునూ ఒకసారి తాకుతుంది. తాకిన ప్రతి ఫైలు పేరుకీ కెర్నల్ ఒక డెంట్రీ (పేరు నుంచి ఫైలును చూపే చిన్న రికార్డు) దాచుకుంటుంది, అది 192 బైట్లు. ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌టి4 అయితే ఐనోడ్‌కు (ఫైలు వివరాల రికార్డు) ఇంకో కిలోబైటు పైచిలుకు. మా దగ్గర దాదాపు ఇరవై లక్షల చిన్న ఫైళ్లున్నాయి, లెక్క సరిపోయింది. మళ్లీ అడిగితే చప్పున చెప్పొచ్చని కెర్నల్ వాటిని అట్టే పెట్టుకుంటుంది. బ్యాకప్ మాత్రం ఆ రాత్రికి మళ్లీ ఆ ఫైలు మొహం చూడదు.

పాత వెర్షన్‌తో పోలిస్తే ఇది ఎంతో నయం, అది ఒప్పుకోవాలి. 2013లో 3.8 కెర్నల్‌తో కెర్నల్ మెమరీకి విడిగా పరిమితి పెట్టే వీలు వచ్చింది. కానీ ఆ పరిమితి తగిలినప్పుడు స్లాబ్‌ను ఖాళీ చేయించే ఏర్పాటు లేదు. పారేయదగ్గ డెంట్రీలు గుట్టలుగా పడి ఉండగానే, కొత్త ఫైలు తెరవబోతే మెమరీ లేదనేది. సీగ్రూప్ వారీగా పనిచేసే ష్రింకర్లు, అంటే స్లాబ్‌ను ఖాళీ చేసే కోడ్, 2015లో 4.0తో గానీ రాలేదు. 2016లో 4.5తో స్థిరపడిన రెండో వెర్షన్‌లో విడి పరిమితి గొడవే లేదు. ప్రోగ్రాం పేజీలు (పేజీ అంటే మెమరీలో ఒక ముక్క), కెర్నల్ వస్తువులు అన్నీ ఒకే ఖాతా. ఇది సరైన నిర్ణయమని నా గట్టి అభిప్రాయం.

ఇక అసలు సరుకు మెమరీ.రిక్లెయిమ్. 2022లో 5.19తో వచ్చింది. ఎంత కావాలో ఆ ఫైల్లో రాస్తే, ఆ గుంపు నుంచి అంత మెమరీ వెనక్కి లాగే ప్రయత్నం చేస్తుంది. అంతకుముందు నాకు తెలిసిన మందు, కెర్నల్ దాచుకున్నవి పారేయించే డ్రాప్_క్యాషెస్ ఒక్కటే. అది మిషన్ మొత్తానికీ వర్తిస్తుంది, ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. పక్కనున్న డేటాబేస్ కంటెయినర్ ఏ పాపం చేసింది?

మొదటిసారి అత్యాశకు పోయి ఏకంగా 2600 ఎంబీ రాశాను. కాసేపు గింజుకుని ఈఎగైన్ ఎర్రర్ ఇచ్చింది, అంటే అడిగినంత రాలేదని. వాడకం చూస్తే బాగానే తగ్గింది. మరి ఎర్రర్ ఎందుకు? జవాబు దొరకడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇప్పటి కెర్నళ్లలో ఒక సీగ్రూప్ మీద రిక్లెయిమ్ నడిపినప్పుడు స్లాబ్ నుంచి విడిపించింది లక్ష్యంలో జమ కాదు. ఒక స్లాబ్ పేజీలో వేరే గుంపుల వస్తువులు కూడా ఉండొచ్చు కాబట్టి, ఆ పేజీ విడుదలను ఈ గుంపు పేరున రాయడం తప్పవుతుంది. కారణం న్యాయమైనదే. ఫలితం మాత్రం నా నెత్తిన పడింది. స్లాబ్ ఖాళీ అయినా లెక్క తీరలేదు కాబట్టి ముందు ఫైల్ క్యాష్ (మెమరీలో దాచిన ఫైళ్ల కాపీలు) అంతా ఊడ్చేసింది, ఆనక ప్రోగ్రాం సొంత పేజీలను డిస్క్ మీది స్వాప్‌లోకి నెట్టింది. బ్యాకప్ ఆ రాత్రి ఈడ్చుకుంటూ నడిచింది.

అప్పటి నుంచి స్లాబ్ అంకె చూసి అంత అడగడం మానేశాను. 128 ఎంబీ చొప్పున అడగడం, మధ్యలో మెమరీ.స్టాట్, మెమరీ కోసం ఎంతసేపు ఆగాల్సి వస్తోందో చెప్పే మెమరీ.ప్రెజర్ చూడడం, ప్రెజర్ లేస్తే ఆపేయడం. కాస్త కొత్త కెర్నళ్లలో పక్కనే స్వాపీనెస్=0 అని, అంటే స్వాప్ జోలికి పోవద్దని, కూడా చేర్చొచ్చు, టెన్షన్ సగం తగ్గుతుంది. స్లాబ్ ఒక్కటే తియ్యి, మిగతాది ముట్టుకోకు అని చెప్పే మార్గం మాత్రం లేదు. ఆ మొరటు డ్రాప్_క్యాషెస్‌లో 2 అని రాస్తే ఆ పని అవుతుంది, ఇందులో అవదు. పోయిన ఒక మార్కు ఇదే.

మిగతా అర మార్కు అంకెల తికమకకు. 4 కేబీ పేజీలో 21 డెంట్రీలు పడతాయి. ఇరవై పోయి ఒకటి వాడుకలో ఉంటే పేజీ కదలదు. 5.9 నుంచి గుంపులన్నీ స్లాబ్ పేజీలు పంచుకుంటాయి, దానివల్ల మొత్తం మీద స్లాబ్ వృథా బాగా తగ్గింది, మంచిదే. కానీ నా గుంపు ఖాతాలో తగ్గినంత మెమరీ మిషన్‌లో ఖాళీగా కనపడదు. మా మేనేజర్‌కు ఇది వివరించడం రిక్లెయిమ్ కన్నా కష్టం.

ఇంకో సంగతి, మెమరీ.స్టాట్‌లో కెర్నల్ అన్న వరుస పెద్దదిగా ఉందని ఆశ పెట్టుకోకండి. అందులో థ్రెడ్ స్టాక్‌లు (నడుస్తున్న ఒక్కో పనికీ కెర్నల్ ఇచ్చే చోటు), పేజీ టేబుళ్లు (ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టికలు) కూడా కలిసి ఉంటాయి. ఎక్స్86 64-బిట్‌లో ఒక్కో థ్రెడ్‌కూ 16 కేబీ కెర్నల్ స్టాక్. ఆ థ్రెడ్ పోతే తప్ప అది రాదు, ఎన్నిసార్లు అడిగినా అంతే.

చివరికి బ్యాకప్ కంటెయినర్‌కు మెమరీ.హై అనే మెత్తటి హద్దు 1.5 జీబీ పెట్టాను, మ్యాక్స్ 4 జీబీలోనే ఉంచాను. హై దాటితే ప్రాసెస్‌ను చంపదు, బ్రేకు వేసి దాని చేతే శుభ్రం చేయిస్తుంది. స్లాబ్ ఇప్పుడు ఒక జీబీ దాటట్లేదు, జాబ్‌కు పన్నెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది. పని అయ్యాక సీగ్రూప్‌ను తీసేసే ముందు చిన్న చిన్న రిక్లెయిమ్‌లు నడిపి మిగిలినది వదిలిస్తున్నాను. అలా చేయనన్నాళ్లూ పై డైరెక్టరీ సీగ్రూప్.స్టాట్‌లో ఎన్ఆర్_డైయింగ్_డిసెండెంట్స్, అంటే తీసేసినా ఇంకా పూర్తిగా పోని సీగ్రూప్‌ల లెక్క, వారం వారం పెరుగుతూ పోయేది. ఇప్పుడు రెండంకెల్లో ఆగింది, ఎందుకో సున్నాకు మాత్రం రావట్లేదు.