ఫైబర్ అటెన్యుయేటర్లు (ఎస్‌సీ/ఏపీసీ కనెక్టర్‌వి): కోఠిలో కొన్నవి ఎలా ఉన్నాయంటే

కేబుల్, ఫైబర్ నెట్ పని చేసే ప్రతి ఒక్కరి బ్యాగ్‌లో ఫైబర్‌లో లైటు పవర్ తగ్గించే ఈ పచ్చ ముక్కలు ఉండాలి అన్నా. సిగ్నల్ తక్కువైతే అందరికీ తెలుస్తది, ఎక్కువైనా అంతే గొడవ. జీపాన్‌లో (ఇళ్లకి ఫైబర్ నెట్ ఇచ్చే పద్ధతి) మామూలు బీ ప్లస్ రకం ఓఎల్‌టీ (ఆపరేటర్ దగ్గరుండే మెషిన్) నుంచి లైటు పవర్ ప్లస్ 1.5 నుంచి ప్లస్ 5 డీబీఎమ్ దాకా వస్తది, ఓఎన్‌యూ (కస్టమర్ ఇంట్లో బాక్సు) ఏమో మైనస్ 8 కంటే ఎక్కువ తట్టుకోదు, లైటుని పంచే స్ప్లిటర్ లేకుండా టేబుల్ మీద పక్కపక్కన పెట్టి టెస్ట్ చేయాలంటే 15 డీబీ కోయాల్సిందే, 10 ఒక్కటే పెడితే సరిపోదు.

నేను కోఠి గుజరాతీ గల్లీలో 5, 10 డీబీ ప్లగ్ టైపువి తీసుకున్నా. ఒకవైపు నేరుగా పోర్టులోకి, ఇంకోవైపు ప్యాచ్ కార్డ్, అంతే. 10కి వెనకాల 5 తగిలిస్తే 15 అయిపోతది, రెండు వైపులా వెళ్లే లైట్‌నీ తగ్గిస్తది కాబట్టి ఓఎల్‌టీ రిసీవర్ కూడా సేఫ్.

లేజర్ సోర్సు, పవర్ మీటర్ పెట్టి ఒక్కోటి చూశా. 5 డీబీవి బాగున్నాయి, 10వాటిలో ఒకటి మాత్రం 11.5 దాకా చూపించింది, షాపాయన ఏం అనకుండా మార్చి ఇచ్చాడు. నచ్చనిది ప్రింటు: ఫెర్రూల్ (కనెక్టర్ మధ్యలో ఫైబర్ ఉండే సన్న పుల్ల) తుడుస్తుంటే స్పిరిట్ తగిలి బాడీ మీద 10 అనే అంకె సగం పోయింది, ఇక ఏది 5 ఏది 10 ఎట్ల తెలుస్తది, అందుకే కొనగానే పర్మనెంట్ మార్కర్‌తో రాసుకోండి. డస్ట్ క్యాపులు కూడా లూజు.

పవర్ ఎక్కువుందని ఫైబర్‌ని పెన్నుకి చుట్టి తగ్గించేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తది. వంపులో 1310 నానోమీటర్ల లైటు కంటే 1550 లైటు చాలా ఎక్కువ పోతది, అంటే నెట్ నడుస్తనే ఉంటది, అదే ఫైబర్‌లో 1550 మీద వచ్చే టీవీ మాత్రం పగిలిపోతది, పైగా కొన్నాళ్లకి గ్లాసు చిట్లుద్ది, అప్పుడు కస్టమర్ తిట్టేది మనల్నే.

కేబుల్ టీవీ నోడ్‌కి (లైటుని టీవీ సిగ్నల్‌గా మార్చే డబ్బా) వాడితే నోడ్ దగ్గరే పెట్టండి, ఈడీఎఫ్ఏ (లైటు పవర్ పెంచే యాంప్లిఫయర్) అవుట్‌పుట్‌కి డైరెక్టుగా వద్దు, అంత పవర్‌కి ఇవి కావు. నీలం యూపీసీ కనెక్టర్ దీంట్లో గుచ్చొద్దు, పచ్చదాని (ఏపీసీ) మొహం 8 డిగ్రీలు వాలుగా కోసి ఉంటది, రెండూ సరిగ్గా కూర్చోవు, రీడింగ్ ఇష్టమొచ్చినట్టు చూపిస్తది. ఎస్‌ఎఫ్‌పీలకి (స్విచ్‌లో గుచ్చే ఫైబర్ మాడ్యూళ్లు) చాలావరకు ఎల్‌సీ టైపు (చిన్న కనెక్టర్) కావాలి, అది ఆ షాపులో దొరకలేదు.