చేత పుస్తకమా, చేత కుంచెనా: ఏది మేలు?

చైనా ఆస్థాన చిత్రాల్లో చదువుకున్న స్త్రీని చూడాలంటే నా దృష్టిలో పోటీ రెండింటి మధ్యే. ఒకటి బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలోని ‘పన్నెండుగురు సుందరీమణులు’, రెండోది లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ‘ఆస్థాన ఆచార్యురాలి హితవు’.

కంటికి విందు మొదటిదే. ఒక్కో పటం మనిషెత్తు ఉంటుంది. 18వ శతాబ్దపు చైనా చక్రవర్తి యోంగ్‌జెంగ్ ఇంకా యువరాజుగా ఉన్నప్పుడు, తోటలో తాను చదువుకునే మందిరంలోని తెర కోసం గీయించుకున్నాడు. ఒకామె పుస్తకం పట్టుకుని ఆలోచనలో పడింది. తెరిచిన పేజీలో అక్షరాలు కూడా చదవొచ్చు. బంగారు జరీ బట్టల మీద మోజు వద్దు, వయసు విలువ తెలుసుకో, పూసినప్పుడే పువ్వు కోసుకో అనే టాంగ్ వంశపు కాలం (7-10 శతాబ్దాలు) నాటి కవిత అది. నా అనుమానం అక్కడే మొదలవుతుంది. ఆ పేజీ తెరిచింది ఆమె కోసమా, చూసే దొర కోసమా? బొమ్మలో గోడ మీది రాతల కింద సంతకం కూడా ఆయన కలంపేరే! వీళ్లు ఆయన భార్యలేనని చాలాకాలం అనుకున్నారు. 1732 నాటి కొలువు దస్తావేజులో మాత్రం ‘పట్టు మీద సుందరుల చిత్రాలు పన్నెండు’ అనే ఉంది. పేర్లు లేవు. పింగాణీ, గడియారం, వాటి సరసన పుస్తకం.

రెండోది నాలుగో శతాబ్దపు చిత్రకారుడు గూ కైజీ పేరు మీద చెలామణిలో ఉంది కానీ, మనకు దక్కింది తర్వాతి నకలేనని పండితులు చాలామంది అంటారు. జానెడు వెడల్పు, మూడు మీటర్లకు పైగా పొడవున్న మాసిన పట్టు. క్రీ.శ. 292లో జాంగ్ హ్వా అనే ఆస్థాన అధికారి, కవి అంతఃపుర స్త్రీలకు రాసిన నీతులకు వేసిన బొమ్మలివి. జియా మహారాణి ఆగడాలు చూసే ఆయన వాటిని రాశాడంటారు. చివరి దృశ్యంలో ఆచార్యురాలు నిలబడే రాస్తోంది. చేతిలో రాసే కుంచె, ఎదురుగా ఇద్దరు స్త్రీలు. ఆమె రాసేవి మగవాడి మాటలే కదా అంటారా? నిజమే. అయినా ఇక్కడ చదువు ఆమె చేసే కొలువు. ఆమె ఎవరి కంటికో ముస్తాబై కూర్చోలేదు.

తమాషా ఏమిటంటే, ఈ పటం ఆ యోంగ్‌జెంగ్ కొడుకు చియెన్‌లాంగ్ దగ్గరే ఉండేది. ముద్రలు గుద్ది, ఊరుకోక దాని మీద తన చేత్తో ఒక ఆర్కిడ్ మొక్క కూడా వేశాడు.

ఆ కాలపు బట్టలు, సామాన్లు చూడాలనుకుంటే బీజింగ్ పటాలే మేలు. చదువుకున్న మనిషిని చూడాలంటే నా ఓటు లండన్ దానికే. వెలుతురు తగిలితే పట్టు పాడవుతుందని దాన్ని ఏడాదిలో కొద్ది వారాలే బయట పెడతారు. వెళ్లే ముందు తేదీలు చూసుకోండి.