పికప్‌లో ఆంప్, సబ్ పెట్టించాను: నెల్లూరు ఆటోనగర్ షాపు సంగతి

పొదలకూరు నుంచి నిమ్మకాయ బస్తాలేసుకుని రాత్రిపూట చెన్నై పోయే బొలెరో పికప్ నాది. సూళ్లూరుపేట దాటాక కళ్లు మూతలు పడకుండా కాపాడేది పాటలే. డోరు స్పీకర్లలో గొంతు వినపడుతుంది గానీ డప్పు వినపడదు. అందుకని డప్పు మోత పలికే సబ్ (సబ్‌వూఫర్ స్పీకరు), దాన్ని మోగించే ఆంప్ (యాంప్లిఫయర్) పెట్టించాను.

సింగిల్ క్యాబ్‌కి పెద్ద బాక్సు కుదరదు. సీటు వెనక జాకీ, తాళ్లు, టార్పాలిన్ సర్దితే జానెడు చోటు మిగలదు. 8 అంగుళాల పల్చటి సబ్ క్లీనర్ సీటు కిందికి పోయింది, ఆంప్‌ని గాలి తగిలేలా వెనక గోడకు నిలబెట్టారు.

ఈ షాపుని మెచ్చుకునేది వైరింగ్‌కే. పనిచేసే కుర్రాడు రెండు రకాల వైర్లు తెచ్చి, ఒకదాని పోగుని బ్లేడుతో గీకాడు. పైన రాగి రంగు, లోపల తెల్లగా ఉంది. "ఇది అల్యూమినియం అన్నా, పైన రాగి పూత. లోడు పడితే వేడెక్కుతుంది," అన్నాడు. అసలు రాగి వైరు రేటు దాదాపు రెట్టింపు. అయినా అదే వేయించాను. డబ్బా మీద 1000 వాట్లని అచ్చేస్తారు, అది పీక్ లెక్క, అంటే క్షణకాలం మాత్రమే అందుకునేది. నా ఆంప్ నిజంగా ఇచ్చేది 300 వాట్లు. 12 వోల్టుల మీద అదే 25 ఆంపియర్లు, ఆంప్ వేడి కింద తినేది అదనం. అందుకే బ్యాటరీకి జానెడు దూరంలోనే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే ముందు పోవాల్సింది ఫ్యూజే, బండి కాదు.

ఎర్త్‌కి కూడా పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బోల్టు బిగించాడు. కరెంటు వైరు ఒక పక్క, ఆడియో వైరు ఇంకో పక్క లాగాడు. మా వీధిలో ఒకాయన బండిలో రెండూ కలిపి కట్టేశారు, యాక్సిలరేటర్ తొక్కితే పాటలో కుయ్‌మని ఈల. నా బండిలో ఆ గోల లేదు.

ఆంప్ మీదుండే గెయిన్ నాబ్ పెంచమంటే మాత్రం ఒప్పుకోలేదు. "అది వాల్యూమ్ కాదన్నా, స్టీరియోకి జత కుదిర్చేది. ఎక్కువ తిప్పితే సబ్ లోపలి కాయిల్ కాలిపోద్ది," అని, సబ్‌కి లోతు మోత మాత్రమే పోయేలా 80 హెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ పెట్టి వదిలేశాడు. నాకు మోత కాస్త తక్కువే అనిపించింది. కానీ లారీ హారన్ వినపడుతోంది, అది ముఖ్యం.

ఇక టైమంటారా, దాని ఊసే ఎత్తొద్దు. మధ్యాహ్నానికి ఇస్తామన్న బండి దీపాలు పెట్టాక చేతికొచ్చింది. ఆ రోజు లోడు వేరే బండికి పోయింది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు, ఆంప్ వారంటీకి అది పనికిరాదు. గట్టిగా అడిగి కంపెనీ బిల్లు తీసుకోండి. వెనక అద్దం ఇప్పటికీ డప్పు మోగినప్పుడల్లా గడగడలాడుతోంది. రబ్బరు పట్టీ వేస్తాం రమ్మన్నారు, కాయల సీజన్‌లో బండి ఆపి పోయేదెప్పుడో!