బాలల హక్కుల వ్యూహం ఎవరితో రాయించాలి? గుంటూరు, విజయవాడ సంస్థలకు ఏది మేలు?

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు కొన్ని కలిసి ఒక నెట్‌వర్క్‌గా ఏర్పడ్డాయనుకుందాం. రాబోయే మూడేళ్లకు ఒక అడ్వొకసీ వ్యూహం కావాలి. ప్రభుత్వాన్ని ఏం అడగాలి, ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నది అందులో తేలాలి. దాతలు కన్సల్టెంట్‌ను పెట్టుకోమంటారు, బడ్జెట్‌లో దానికి ఒక లైను కూడా చూపిస్తారు. అక్కడ మొదలవుతుంది చర్చ. ఢిల్లీ నుంచో హైదరాబాద్ నుంచో పేరున్న వాళ్లను పిలవాలా? ఇక్కడే ఏళ్ల తరబడి పనిచేసిన మనిషిని పెట్టుకోవాలా? యూనివర్సిటీకి అప్పజెప్పాలా? లేక మనమే కూర్చుని రాసుకోవాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రధాన బాధ్యత స్థానిక మనిషికి ఇచ్చి, చట్టం, బడ్జెట్ వరకు బయటి నిపుణుణ్ని కొద్దిరోజులు పిలవడం మేలు. నిర్ణయాలు మాత్రం రేపు కలెక్టర్ ముందు నిలబడి మాట్లాడాల్సిన వాళ్లే తీసుకోవాలి. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ ప్రాంతంలో పిల్లల పరిస్థితి దగ్గరికి వెళ్లాలి. ఆ పని చేయకుండా ఎవరి ఫీజు ఎంత అని పోల్చుకుంటే ఉపయోగం లేదు.

మిరప చేలో కనిపించే పిల్లలు

గుంటూరు, పల్నాడు పొలాల్లో మిరప కోతలు జోరుగా సాగేది సుమారు జనవరి నుంచి ఏప్రిల్ వరకు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే పిల్లాపాపలతో ఇటు వలస వస్తాయి. చేల పక్కనే టార్పాలిన్ పట్టాలతో గుడిసెలు కట్టుకుని ఉంటారు. పెద్దపిల్ల చంకలో చిన్నపిల్ల ఉంటుంది. ఇంకాస్త పెద్దదైతే తనే కోతకు దిగుతుంది. ఆ పిల్ల పేరు సొంతూరి బడి రిజిస్టర్లో ఉంటుంది, మనిషి మాత్రం ఇక్కడ ఉంటుంది. ఇక్కడి బడిలో ఆమెను అడిగేవారుండరు.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్, వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యతను స్థానిక ప్రభుత్వ యంత్రాంగం మీద స్పష్టంగా పెట్టింది. 4వ సెక్షన్ వయసుకు తగిన తరగతిలో చేర్చుకోమంటుంది. 2016 సవరణ తర్వాత బాలకార్మిక నిషేధ చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళలు అయ్యాక సొంత కుటుంబ పనిలో సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఉంది. కూలి పొలంలో తల్లిదండ్రులతో పాటు కోసే పిల్లలను ఈ మినహాయింపు చాటున దాచేయడం కూడా జరుగుతుంది.

మరి అడగాల్సింది ఎవరిని? ఇక్కడి మండల విద్యాధికారిని అడగాలి, నిజమే. అయితే వలస వెళ్లే కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడపవచ్చు. అవి తెరవాల్సింది కర్నూలు వైపు, అదీ కుటుంబాలు బయలుదేరక ముందే. గుంటూరులో కనిపించే సమస్యకు సగం పరిష్కారం ఆదోనిలో ఉందన్నమాట. జనవరిలో గుంటూరు కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇస్తే అప్పటికే ఆ ఏడాది చేజారిపోయినట్టే. ఈ సంగతి తెలిసిన మనిషి రాసిన వ్యూహం ఒక రకంగా ఉంటుంది, తెలియని మనిషి రాసింది ఇంకో రకంగా ఉంటుంది. రెంటికీ తేడా ఫీజులో దొరకదు.

బయటి నుంచి వచ్చేవాళ్లు

పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఇక్కడ కొంత నిజం. ఢిల్లీ పేరు వినగానే బోర్డు సభ్యులకు ధైర్యం వస్తుంది, దాతలకు నమ్మకం కుదురుతుంది. అలాగని వాళ్ల విలువను తగ్గించలేం. నాలుగు రాష్ట్రాల అనుభవం చూసిన మనిషి, పక్క రాష్ట్రంలో ఏ ఉత్తర్వు పనిచేసిందో, ఏది కాగితం మీదే ఉండిపోయిందో చెప్పగలరు. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992 డిసెంబరులో చేరింది. ఆ ఒడంబడిక భాషలో మన డిమాండ్లను కూర్చి పెట్టడం వాళ్లకు వచ్చిన విద్య. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో పిల్లల కోసం ఎంత పెట్టారో, ఎంత ఖర్చయిందో విడదీసి చూపించగలవాళ్లు మన జిల్లాల్లో తక్కువ.

ఇంకో మేలుంది. నెట్‌వర్క్‌లో పెద్ద సంస్థకూ చిన్న సంస్థకూ మధ్య పాత మనస్పర్థలుంటే, ఎవరి పక్షమూ కాని మనిషి కూర్చుంటేనే మాట ముందుకు సాగుతుంది.

లోటు ఎక్కడంటే, వాళ్లకిచ్చే రోజులు తక్కువ. గన్నవరంలో విమానం దిగి, విజయవాడ హోటల్లో వర్క్‌షాప్ పెట్టి, రెండు ఊళ్లు చూసి వెళ్తారు. వచ్చేది జూన్‌లో అయితే చేలో పిల్లలు కనబడరు. మాచర్ల వైపు తండాల్లో సుగాలి పిల్లలతో, ఇటుక బట్టీల దగ్గర ఒడియా మాట్లాడే పిల్లలతో, గుంటూరు పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే పిల్లలతో దుబాసీ సాయంతో మాట్లాడితే ఎంత బయటపడుతుంది? అందుకే ఆ నివేదికలు అంకెల మీద ఆధారపడతాయి. అంకెలు అవసరమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20–24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, దేశం మొత్తం మీద 23.3 శాతం. మన రాష్ట్రం దేశ సగటు కంటే ఇంత వెనకబడి ఉండటం నిజంగా బాధ కలిగించే విషయం. ఈ అంకె మొదటి పేజీలో ఉండాల్సిందే. కానీ పదో తరగతి అయ్యాక ఆ పిల్ల ఎందుకు ఆగిపోతుందో అంకె చెప్పదు. జూనియర్ కాలేజీ ఎంత దూరం, బస్సు వేళ ఏమిటి, పంట డబ్బు చేతికొచ్చే నెలలో ముహూర్తాలు ఎలా కుదురుతాయి, సచివాలయంలో మహిళా పోలీసుకు ముందుగా ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నలకు జవాబులు ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇక్కడి మనిషి

స్థానిక కన్సల్టెంట్లు సాధారణంగా మూడు రకాలు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లోనో విద్యాశాఖలోనో పనిచేసి రిటైరైన అధికారులు, బాలల సంక్షేమ కమిటీలో పనిచేసి దిగిపోయినవాళ్లు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం) కేసులు చూసే లాయర్లు. ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో వీళ్లకు తెలుసు. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. ఒకప్పుడు గుంటూరు కలెక్టరేట్‌కు తీసుకెళ్లిన సమస్యను ఇప్పుడు గుంటూరు, నరసరావుపేట, బాపట్లకు మోయాలి. పాత కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది కనుక అటు మచిలీపట్నం, విజయవాడ. కొత్త జిల్లాల్లో బాలల పరిరక్షణ విభాగాల్లో ఎన్ని పోస్టులు నిండాయి, ఎక్కడ ఇన్‌ఛార్జితో నడుస్తోంది అన్నది ఇక్కడి మనిషి ఒక పూటలో కనుక్కుంటారు.

మరో మార్పు సంగతి చూడండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన 1098 ఫోన్ సేవ చైల్డ్‌లైన్‌ను చాలా ఏళ్లు స్వచ్ఛంద సంస్థలే క్షేత్రంలో నడిపాయి. 2023 నుంచి అది ప్రభుత్వ యంత్రాంగం చేతికి వెళ్లి, 112 అత్యవసర సేవతో ముడిపడింది. విజయవాడ జంక్షన్‌లో ఇల్లొదిలి వచ్చిన పిల్లవాణ్ని చేరదీసే పనిలో ఉన్న సంస్థలకు ఇది చిన్న మార్పు కాదు. అప్పటిదాకా సేవ చేసే భాగస్వాములుగా ఉన్నవాళ్లు, ఇప్పుడు ఆ సేవ సరిగా నడుస్తోందో లేదో నిలదీసే చోటికి వచ్చారు. వ్యూహంలో దీన్ని ఒక అధ్యాయంగా రాయాలి. రైల్వే ప్లాట్‌ఫాం మీద పనిచేసిన అనుభవం లేని మనిషికి ఇది ఫుట్‌నోట్‌లా కనిపిస్తుంది.

స్థానికుల విషయంలో భయపడాల్సింది మొహమాటం. రిటైరైన అధికారి తన పాత శాఖను గట్టిగా ప్రశ్నించలేకపోవచ్చు. సభ్య సంస్థల్లో ఒకదానితో దగ్గరి సంబంధం ఉన్న మనిషి అయితే ఆ సంస్థ చేసే పనే ప్రాంతం మొత్తానికి ప్రాధాన్యంగా మారిపోతుంది. మిరప వ్యాపారంతో బంధుత్వం ఉన్నవాళ్లు చేలో పనిచేసే పిల్లల గురించి మెత్తగా రాస్తారు. కాబట్టి నియామకానికి ముందే ఈ సంబంధాలన్నీ రాతపూర్వకంగా చెప్పమనాలి. ఇక్కడ మొహమాటపడితే ఆ నష్టం పిల్లలకు జరుగుతుంది.

మిగతా రెండూ

యూనివర్సిటీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నాగార్జున విశ్వవిద్యాలయం రెండు నగరాల మధ్యే ఉంది, సోషల్ వర్క్ విద్యార్థులున్నారు, సర్వేకు బాగా పనికొస్తారు. అయితే వాళ్ల పని పరిశోధన. ఏ డిమాండ్‌ను ముందు పెట్టాలి, దేన్ని పక్కన పెట్టాలి అన్న నిర్ణయం వాళ్ల మీద వేయడం న్యాయం కాదు. సమాచార సేకరణకు పిలవండి, అంతవరకే.

మనమే రాసుకోవడానికి గొప్ప ఉదాహరణ మన తెలుగు నేలలోనే ఉంది. 1990ల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాలకార్మికుల కిందే లెక్కగట్టాలని తేల్చి చెప్పింది. పనిపిల్లలు వేరు, బడికి పోని పిల్లలు వేరు అన్న ప్రభుత్వ లెక్కను అది కుదిపేసింది. ఊళ్లలో తల్లిదండ్రులతో, యువకులతో కలిసి పనిచేస్తూ ఆ వైఖరికి బలం తెచ్చుకున్నారు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. ఒకే సమస్య మీద గట్టి పట్టున్న రెండు మూడు సంస్థలైతే కన్సల్టెంట్ లేకుండా ఇలా సొంతంగా రాసుకోవచ్చు. పది సంస్థలు, అయిదు జిల్లాలు, పది సమస్యలు ఉన్నచోట కుదరదు. అందరి కోరికలూ చేర్చుకుంటూ పోతే చివరికి మిగిలేది జాబితా. పక్కన కూర్చుని ‘ఈ ఏడాది ఇది వద్దు’ అని చెప్పగలిగే మనిషి ఒకరు కావాలి.

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి

ఎవరిని పెట్టుకున్నా, వాళ్లు పిల్లలతో మాట్లాడతారు. ఒక పాప తన మీద జరిగిన లైంగిక హింసను వాళ్లతో చెప్పుకుంటే, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయాల్సిన బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. పరిశోధన కోసం విన్నాం, రహస్యంగా ఉంచుతాం అంటే కుదరదు. పిల్లల పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరాలు నివేదికలో రాకూడదని పోక్సో 23వ సెక్షన్, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతున్నాయి. ఈ మూడు సెక్షన్లూ తెలియని అభ్యర్థి, ఎంత పెద్ద పేరున్నవారైనా, ఇంటర్వ్యూలో అక్కడితో ఆగిపోవాలి. నా దృష్టిలో ఎంపికకు ఇదే మొదటి గీటురాయి.

డబ్బు విషయంలో కూడా ముందే కళ్లు తెరవాలి. ప్రొఫెషనల్ ఫీజు మీద సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కోయాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయితే బిల్లుకు 18 శాతం అదనం. విదేశీ నిధులైతే ఇంకా జాగ్రత్త కావాలి. విదేశీ నిధులను నియంత్రించే ఎఫ్‌సీఆర్ఏ చట్టానికి 2020లో వచ్చిన సవరణతో పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. కన్సల్టెంట్ ఫీజు ఏ లెక్కలోకి వస్తుందో ఆడిటర్‌తో ముందే తేల్చుకోవాలి. అదే సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధులను మరో సంస్థకు బదిలీ చేయకూడదు. నెట్‌వర్క్‌లో ఒకరికే ఎఫ్‌సీఆర్ఏ ఖాతా ఉంటే, వర్క్‌షాపు ఖర్చులు సభ్యులకు పంచుదామన్న ఆలోచనే పనికిరాదు. కన్సల్టెంట్‌తో ఒప్పందం ఆ ఒక్క సంస్థే చేసుకుని, ఖర్చు నేరుగా చెల్లించాలి.

ఫీజు ఒకేసారి ఇవ్వకండి. చివరి వాయిదాను ఇంగ్లీషు నివేదికకు కాకుండా తెలుగు ప్రతికి ముడిపెట్టండి. అంగన్‌వాడీ టీచరు, బాలసంఘం పిల్లలు, సచివాలయం సిబ్బంది చదివి అర్థం చేసుకోగలిగే పది పేజీల తెలుగు ప్రతి. దాన్ని పిల్లలకు చదివి వినిపించి, వాళ్లు వద్దన్నది తీసేసి, కావాలన్నది చేర్చాక ఆఖరి చెల్లింపు చేయండి. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలన్నది ఒడంబడికలోని 12వ అధికరణం, అది మర్యాద కోసం పెట్టింది కాదు.

ఇక కాలం. కన్సల్టెంట్ ఎంపిక అక్టోబరుకల్లా ముగిస్తే నవంబరులో పత్తి తీతలు, ఆ తర్వాత మిరప కోతలు కళ్లారా చూడవచ్చు. ఆదోని వైపు ఒక ప్రయాణం కుటుంబాలు ఊరు వదిలే ముందే పెట్టుకోవాలి. బయటి నిపుణుణ్ని ఫిబ్రవరి, మార్చిలో రాష్ట్ర బడ్జెట్ వచ్చాక పిలిస్తే అంకెలు తాజాగా ఉంటాయి. ఏప్రిల్‌లో ముసాయిదా, మేలో తెలుగు ప్రతి. జూన్ రెండో వారంలో బడులు తెరిచే నాటికి అయిదు కలెక్టరేట్లలోనూ సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల గ్రీవెన్స్‌కు ఎవరు వెళ్లాలి, చేతిలో ఏ ఒక్క డిమాండ్ ఉండాలి అన్నది పేర్లతో సహా రాసిపెట్టుకోవాలి. అక్టోబరులో కర్నూలు కలెక్టరేట్‌కు వెళ్లే వాళ్ల పేర్లు కూడా అదే కాగితం మీద ఉండాలి.