అనంతపురంలో గ్రూప్-1 పాలిటీ బ్యాచ్: పాఠం బాగుంది, నోట్సే పాతది

సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక బిల్డింగ్ మూడో అంతస్తులో నడిచే కోచింగ్ సెంటర్లో గ్రూప్-1 మెయిన్స్ పాలిటీకి వారాంతపు బ్యాచ్‌లో చేరాను. తిట్టాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. నేను సచివాలయంలో మహిళా పోలీసుని. వారమంతా స్టేషన్ మాటలు వినే మనిషిని కాబట్టేనేమో, 'జాతీయ భద్రత, ప్రాథమిక హక్కులు' చాప్టర్ మిగతావాటికన్నా బాగా పట్టింది.

ఫీజు ₹6,000. ఆ ఒక్క చాప్టర్‌కైనా పెట్టొచ్చు. సార్ ఆర్టికల్ నంబర్లు అప్పజెప్పకుండా మన జిల్లాతో మొదలుపెట్టారు. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండే అనంతపురంలో పోటీ చేసి, బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఆ నాగిరెడ్డే ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉంటూ 1976లో చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏడీఎం జబల్‌పూర్ కేసు: ఎమర్జెన్సీ ఉన్నంతకాలం నిర్బంధం అక్రమమని హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 4-1తో తేల్చింది. ఒప్పుకోనిది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. సీనియారిటీ ప్రకారం రావాల్సిన చీఫ్ జస్టిస్ పదవి ఆయనకు రాలేదు, రాజీనామా చేశారు. తర్వాత రాజ్యాంగానికి 44వ సవరణ వచ్చింది. ఎమర్జెన్సీ పెట్టడానికి 'అంతర్గత కల్లోలం' చాలదు, 'సాయుధ తిరుగుబాటు' ఉండాలి. ఎమర్జెన్సీలో కూడా 20 (శిక్షల విషయంలో రక్షణ), 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణలను ఆపకూడదు. దానికి 1979 ఏప్రిల్‌లో రాష్ట్రపతిగా ఆమోదముద్ర వేసింది ఎవరనుకున్నారు? ఆ బావగారు సంజీవరెడ్డే.

ఇక్కడితో ఆపి ఉంటే కథ బాగుండేది. కానీ అదే సవరణలో మూడో సెక్షన్ ఇంతవరకు అమల్లోకే రాలేదని సార్ చెప్పారు. నిర్బంధం సబబా కాదా తేల్చే సలహా బోర్డు చూడకుండా, ముందస్తు నిర్బంధంలో (నేరం చేస్తారేమోనని ముందే పట్టి) ఉంచగలిగే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించే సెక్షన్ అది. పార్లమెంటు పాస్ చేసినా ఏ ప్రభుత్వమూ నోటిఫై చేయలేదు. అంతవరకు ఫోన్లు చూస్తున్నవాళ్ళు కూడా పెన్నులు తీశారు.

"దేశముంటేనే కదా సార్ రాజ్యాంగం?" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒక తమ్ముడు. సార్ కోప్పడలేదు. "సరేప్పా, కాదనలేదు. ఆర్డర్ ఎవరిచ్చినారు, ఎన్నాళ్ళకిచ్చినారు, దాన్ని మళ్ళీ ఎవరు చూస్తారు? ముందు అది చెప్పు" అన్నారు. ఏ కేసు వచ్చినా ఆయన ఈ మూడు ప్రశ్నలే వేస్తారు. ఇంటర్నెట్ ఆపితే? 2020 జనవరి అనూరాధా భసీన్ తీర్పు ప్రకారం ఆర్డర్ బయటపెట్టాలి, గడువు లేకుండా ఆపడానికి లేదు. పెగాసస్ (ఫోన్లపై దొంగచాటుగా నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్) వ్యవహారంలో 2021లో కోర్టు చెప్పిందీ అదే దారిలో ఉంది: జాతీయ భద్రత అనగానే ప్రభుత్వం తప్పించుకుపోవడానికి వీల్లేదు.

నాకు మటుకు బాగా తగిలింది 1962 నాటి హరికిసన్ కేసు. నిర్బంధానికి కారణాలు ఇంగ్లీషులో రాసిచ్చారు, ఆయనకు ఇంగ్లీషు రాదు. కోర్టు నిర్బంధాన్నే కొట్టేసింది. పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) అనే మాట నేను తరచూ వినేదే. మా ఊళ్ళ నుంచి స్టేషన్‌కొచ్చేవాళ్ళలో ఇంగ్లీషు కాగితం చదవగలిగేవాళ్ళు ఎంతమంది? చాలామంది దీన్ని పోలీసులకు అడ్డం అనుకుంటారు. నేనలా అనుకోను. కాగితం పక్కాగా ఉంటే కోర్టులో నిలుస్తుంది. లేకుంటే నిజంగా లోపలుండాల్సినవాడు కూడా దర్జాగా బయటికొస్తాడు.

ఇక తిట్లు. ప్రింటెడ్ నోట్స్ అన్యాయం. రాజద్రోహం కింద ఇంకా ఐపీసీ 124ఏ మాత్రమే ఉంది. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2022 మేలోనే పక్కనపెట్టించింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితే వచ్చేసింది, అందులో 152వ సెక్షన్ చూసుకోవాలి. పాఠంలో సార్ చెప్తారు, నోట్స్‌లో మాత్రం ఉండదు. క్లాస్ మిస్సయితే గోవిందా.

టెస్టులు దిద్దే తీరు ఇంకా ఘోరం. హక్కును ఎందుకు తగ్గించాల్సి వచ్చిందో చూపించే బాధ్యత ప్రభుత్వానిదే, పౌరుడిది కాదు అని ఆధారాలతో రాస్తే పదికి నాలుగు వేసి, 'ముగింపులో సమతుల్యం లేదు' అని ఎర్ర పెన్నుతో రాశారు. మోడల్ ఆన్సర్ చూస్తే చివర్లో 'రెండింటి మధ్య సమతుల్యం అవసరం' అని ఉంది. ఎటు తూగాలో చెప్పని ఆ వాక్యాన్ని ఏ ప్రశ్నకైనా అతికించొచ్చు. సార్‌కు చూపిస్తే నవ్వి, "దిద్దేది వేరేవాళ్ళమ్మా" అన్నారు.

లిఫ్ట్ లేదు. ఫ్యాన్ల మోతకు వెనక కూర్చుంటే సగం వినపడదు, ముందే వెళ్ళి రెండో వరుస పట్టుకోండి. గ్రూప్-2 వాళ్ళకు ఇంత లోతు అవసరం లేదు. మెయిన్స్ రాసేవాళ్ళు చేరండి, టెస్ట్ సిరీస్ మాత్రం తీసుకోకండి, దానికి విడిగా డబ్బులడుగుతారు. ఫీజు ఒకేసారి కట్టమంటారు గానీ గట్టిగా అడిగితే రెండు విడతలకు ఒప్పుకుంటారు.